బోరు మేస్త్రి గాలాలు

మొన్నామధ్య మంగళగిరి దగ్గర ఒక హోటల్లో మా నరాల డాక్టర్లందరికీ భోజనాలు పెట్టారు. భోజనానికి ముందు ప్రదర్శన ఉంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే దాన్ని పట్టి బయటికి తీసే పరికరాలు తయారుచేసే కంపెనీ అది. బల్ల మీద మెలికలు తిరిగిన గాజుగొట్టం, దాంట్లో పారుతున్న ఎర్రనీళ్లు, మధ్యలో ఇరుక్కున్న జెల్లీ ముద్ద. సూటు వేసుకున్న కంపెనీ మనిషి ముందు ఒక సన్నతీగ లోపలికి తోశాడు. దాని కొస స్ప్రింగులా చుట్టుకుని ముద్దని పట్టుకుంది. లాగాడు. తర్వాత ఇంకో గొట్టం పెట్టి ముద్దని పీల్చి చూపించాడు. ఏది మేలు, ఏది ఎక్కడ పనికిరాదు అని అరగంట చెప్పాడు. చివర్లో పెద్ద రహస్యం విప్పుతున్నట్టు గొంతు తగ్గించి, రెండూ కలిపి చేస్తే, అదీ పైనుంచి వచ్చే రక్తాన్ని కాసేపు ఆపి చేస్తే, ముక్కలు తెగి లోపలికి పోకుండా ఉంటాయన్నాడు.

అందరూ తలలూపారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఆ సంగతి ఏడెనిమిదేళ్ల కిందటే నాకు ఒకాయన చెప్పాడు. ఆయన డాక్టరు కాదు. బోర్లలో ఇరుక్కుపోయిన మోటార్లు పైకి తీసే మేస్త్రి. సంతకం రాదు, వేలిముద్రే. పోయినేడు ఆయన చనిపోయాడని ఎవరో పేషెంటు మాటల్లో చెబితే తెలిసింది. నాకు కబురు రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది, అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నల్లపాడు దాటాక లోపలికి పోతే వచ్చే ఊరు ఆయనది. సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కాస్త వంగి ఉండేవాడు. గళ్ల లుంగీ, తెల్లచొక్కా, శుక్రవారమైతే నెత్తిన టోపీ. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న గడ్డం గీసుకునే అద్దం ఉండేది. అది మొహం చూసుకోవడానికి కాదు. ఎండని దాంట్లో పట్టి బోరులోకి మళ్లించి, ఎడమకన్ను మూసి, కుడికన్నుతో లోపలికి చూసేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నేను స్కానింగు ఫిల్ము చూపించినా ఎడమకన్ను మూసే చూసేవాడు. మాట తక్కువ. ఏదైనా అడిగితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేని తాడుని ఒకదాన్ని రాస్తూ ఆలోచించేవాడు. వంద అడుగుల లోతున గాలం మోటారుకి తగిలిందా, రాయికి తగిలిందా అన్నది తాడు పట్టుకున్న వేళ్లకి తెలిసిపోతుందట. పిడుగురాళ్ల వైపు సున్నపురాతి బోర్లకి కూడా ఆయన్నే పిలిపించుకునేవారు.

ఆయన మొదటిసారి నా దగ్గరికి వచ్చింది తొంభై ఎనిమిదో, తొమ్మిదో. భార్యని చేతుల మీద ఎత్తుకొచ్చాడు. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. నోట మాట లేదు. ఏది అడిగినా "అదే... అదే" అనేది. ఆకలైనా అదే, దాహమైనా అదే. ఆవిడకి అంతకుముందు మొగుడి పనిలో వాటా ఉండేదట. తాడుకి పదేసి అడుగులకి ఒక ఎర్రగుడ్డ పీలిక ముడివేసి, గాలం దిగుతుంటే ఆ పీలికల్ని గట్టిగా లెక్కపెట్టేది ఆవిడే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు నోటిదురుసు ఎక్కువని గుంటూరంతా తెలుసు. పక్షవాతం వచ్చిన మనిషిని పసరు పోయించి, పావురం రక్తం రాయించి, మూడోరోజు నా దగ్గరికి తెస్తే ఊరుకునేవాడిని కాదు. నిన్నటిదాకా ఏం చేస్తున్నారు, మనిషిని ఎండబెడుతున్నారా అని వరండా అంతా వినపడేట్టు అరిచేవాడిని. ఆ పొద్దున కూడా మేస్త్రికి ముందు వచ్చిన ఒక రైతుని అలాగే తిట్టాను. అతను తండ్రి మంచం పక్కనే కూలబడి, నేనే చంపుకున్నాను అని తల బాదుకున్నాడు. మా నర్సమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ చూపు పోకముందే మేస్త్రి వచ్చి నిలబడ్డాడు.

"నిన్న పొద్దున పదిగంటలప్పుడు పడిపోయిందండీ. కదిలిస్తే లోపల ఏం తెగుద్దోనని కదిలించలా. తడిగుడ్డ వేసి పడుకోబెట్టా. తెల్లారినా చెయ్యి లేవకపోయేసరికి తీసుకొచ్చా. తప్పు చేశానా అండీ?"

ఇరవై నాలుగ్గంటలు. ఇంకెవరైనా అయితే నా నోట్లో పడి నలిగిపోయేవాళ్లు. కానీ అంతకుముందే ఒకడిని ఏడిపించి ఉన్నాను. పైగా, తెస్తే మాత్రం ఆనాడు నేను చేసేది ఏముంది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ గురించి చదవడమే తప్ప గుంటూరులో కళ్లతో చూసినవాడు లేడు. తెచ్చినా, తేకపోయినా ఆవిడ బతుకు అంతే. అలాంటప్పుడు ఈ మనిషి మీద జీవితాంతం మోసే బరువు పెట్టడం ఎందుకనుకున్నాను.

"లేదు మేస్త్రి గారూ. కంగారు పడకుండా మంచి పని చేశారు" అన్నాను.

నా వృత్తిలో నేను దయగా అన్న మాటలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు. వాటిలో ఇది ఒకటి. దీనికంటే పెద్ద పాపం నా చేత్తో నేను చెయ్యలేదు.

జబ్బు ఏమిటని అడిగితే కాగితం మీద బొమ్మ గీశాను. మెడలోంచి మెదడుకి పోయే గొట్టం, దాంట్లో అడ్డం పడిన గడ్డ. ఎడమకన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్లు రాసుకుంటూ, ఇది బోరులో మోటారు కూరుకుపోయినట్టే గదా, మరి తీయరెందుకని అడిగాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి తీగలు పంపి తీయాలని బయటి దేశాల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయని, మనదాకా ఇంకా రాలేదని చెప్పాను. "గాలం వేసి లాగుతారా, పీలుస్తారా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లు అప్పుడు కొట్టుకుంటున్నది సరిగ్గా దాని గురించే.

నెల తిరక్కుండా మాత్రల కోసం వచ్చి, సంచిలోంచి ఒక బిస్కెట్ల రేకుడబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. దాంట్లో సైకిల్ బ్రేకు తీగ పురులు విప్పి చేసిన గాలాలు. ఒకటి కొక్కెం లాంటిది, ఒకటి చుట్టలు తిరిగింది, ఒకటి చిన్న గొడుగులా విచ్చుకునేది. తాపీమేస్త్రీలు గోడ మట్టం చూసుకోవడానికి వాడే తెల్లటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది కదా, దాన్ని ముక్కలు కోసి రక్తనాళమన్నాడు. బావమరిదికి మాంసం కొట్టు ఉంది. పారబోసే మేక రక్తాన్ని గడ్డకట్టించి ఆ గొట్టంలో ఇరికించి, పైనుంచి నీళ్లు పోస్తూ గాలాలు వేసి చూశాడట.

అప్పటినుంచి దాదాపు తొమ్మిదేళ్లు ఇదే తంతు. ప్రతినెలా రెండో మంగళవారం ఆఖరి పేషెంటు వెళ్లాక వచ్చేవాడు. ఆవిడ మాత్రలు తీసుకోవడం ఐదు నిమిషాలు, గాలాల ముచ్చట గంట. కొక్కెం వేస్తే గడ్డ చీలిపోయి ముక్క కిందికి పోతోందనేవాడు. చుట్టల తీగ బాగా పడుతుంది గానీ ముదిరిన గడ్డయితే జారిపోతోంది. పీల్చడం తాజా గడ్డకి మంచిదే, ఒకరోజు నిలవున్నదైతే గొట్టం మూతికి అతుక్కుని ఇటూ రాదు, అటూ పోదు. ఒకసారి మాత్రం వస్తూనే, సన్నగా నవ్వుతూ, పైనుంచి నీళ్లు ఆపి, ఒక పక్క పీలుస్తూ ఇంకోపక్క చుట్టతో లాగితే పదింట్లో ఒక్కటి కూడా తెగలేదన్నాడు. రెండూ కలిపి చెయ్యమని మీవాళ్లకి ఉత్తరం రాయండి సార్ అన్నాడు. నేను రాయలేదు. బోరు మేస్త్రి చెప్పాడని ఎవరికి రాయను.

ఈ తిప్పలన్నీ లోకం కోసం కాదు, ఆవిడ కోసం. ఆ గడ్డ ఇంకా అక్కడే ఉందని, దాన్ని తీసిన రోజున మాట తిరిగొస్తుందని ఆయన నమ్మకం. మోటారు ఎన్నేళ్లు కూరుకుపోయినా మోటారే కదా, పైకి తీసి బాగుచేస్తే తిరుగుతుంది. ఒకసారి సూటిగానే అడిగాడు, ఎన్నాళ్లకయినా తీయొచ్చు గదా అని. ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయన్నాను. మెదడు కొన్ని గంటల్లో చచ్చిపోతుందని, ఆ తర్వాత గడ్డ తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే అని ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఎన్ని గంటల్లో అని అడుగుతాడు. అది చెబితే ఆ తొలిరోజు సంగతి బయటపడుతుంది. ఒక్క అబద్ధానికి కాపలా కాయడానికి ఇంకెన్ని అబద్ధాలు పెట్టుకోవాలో నాకు అప్పుడే తెలిసొచ్చింది.

ఒక మాఘమాసంలో ఆయన పని చూడాలని నేనే వెళ్లాను. మిరపతోట. కాయ ఎర్రబారుతున్న అదును. బోరులో మోటారు బంకమట్టిలో కూరుకుంది. మూడుకాళ్ల ఇనుప స్టాండు, దానికి గొలుసు. గొలుసు లాగేది ఆయన తమ్ముడు. అన్నకి ఎంత మాట తక్కువో తమ్ముడికి అంత ఎక్కువ. నన్ను చూడగానే, డాక్టరు గారూ మా అన్నని మీ ఆసుపత్రిలో పెట్టుకోండి, ఇక్కడ నా ప్రాణం తీస్తన్నాడు అని అందుకున్నాడు. మేస్త్రి అద్దంతో లోపలికి చూసి, గాలం దింపి, తాడుని వేళ్ల మధ్య ఒక్కసారి రాసి, పైకి తీసేశాడు. నాలుగు డ్రమ్ముల నీళ్లు బోరులో పోయించాడు. ఇక ఇవాళ్టికి అంతే, నానాలి అన్నాడు. తోట రైతు గోల పెట్టాడు. పైరు వాడిపోతోంది, ఇప్పుడే లాగరా నాయనా అని గడ్డం పట్టుకున్నాడు.

"తొందరపడితే పైపు తెగుద్ది. కదిలించకుండా ఉంటే తెల్లారేసరికి అదే వదులైద్ది" అన్నాడు మేస్త్రి. ఆ మాట మీదే స్టాండు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే మోటారు పైకి వచ్చిందని కబురు పంపాడు. ఆ ఓర్పు గురించి మా ఆవిడతో మెచ్చుకుంటూ చెప్పాను కూడా. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. భార్యని ఆరోజు ఎందుకు కదిలించకుండా తడిగుడ్డ వేసి పడుకోబెట్టాడో నాకు అప్పుడు అర్థమైంది. అది బద్ధకమూ కాదు, మూఢనమ్మకమూ కాదు. చేతిపని ఆయనకి నేర్పిన బుద్ధి అది. దాని మీద మంచి పని చేశారని ముద్ర కొట్టినవాడిని నేను.

కొన్నాళ్లకి కరిగించే ఇంజెక్షన్ మా ఊరొచ్చింది. నా గది బయట బోర్డు రాయించి పెట్టాను. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా మూడు గంటల్లోపు రండి అని. ఆ నెల మేస్త్రి వచ్చి, కొత్త బోర్డులా ఉందే, ఏం రాశారండీ అని అడిగాడు. చదువు రానివాడి ముందు డాక్టరుకి ఎంత ధైర్యమో చూడండి. బీపీ మాత్రలు మానొద్దని రాశాం మేస్త్రి గారూ అన్నాను. మాననులెండి అన్నాడు.

ఇంకో రెండేళ్లకి, గుంటూరుకి గంట దూరంలో గాలం వేసి గడ్డ లాగడం నేర్చుకున్న డాక్టరు ఒకాయన వచ్చాడు. ఆ సంగతి నేనే సంబరంగా మేస్త్రికి చెప్పాను. చుట్టలు తిరిగిన తీగేనా అని అడిగి, అవునంటే, పిల్లాడికి ఫస్టుక్లాసు వచ్చినంత ఆనందపడ్డాడు. అయితే మా ఇంటావిడ సంగతి అడగండి అన్నాడు. అడుగుతానన్నాను.

నెల తిరక్కముందే ఒక పొద్దున ఆటో వచ్చి ఆగింది. భార్య కాదు, తమ్ముడు. ముందురోజు నల్లపాడు దగ్గర తోటలో గొలుసు లాగుతూ లాగుతూ మాట తడబడి పక్కకి ఒరిగిపోయాడు. పదిగంటల వేళ. అక్కడినుంచి నా ఆసుపత్రికి పావుగంట. ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ ఉంది. గంట దూరంలో గాలం ఉంది. మేస్త్రి మాత్రం తమ్ముణ్ణి మూడుకాళ్ల స్టాండు నీడలో పడుకోబెట్టాడు. సాయంత్రం మెల్లగా ఇంటికి చేర్చాడు. తెల్లారాక తీసుకొచ్చాడు.

"అసలు కదిలించలేదండీ. ఆనాడు మీరు చెప్పినట్టే, కంగారు పళ్లేదు. తడిగుడ్డ మారుస్తానే ఉన్నా" అన్నాడు. రేకుడబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు లాగేవాళ్లున్నారు గదా. తీయించండి."

స్కానింగు తీయించాను. మెదడు సగం నల్లబడిపోయింది. ఫిల్ము వెలుతురుకి పెట్టాను. ఆయన ఎడమకన్ను మూసుకుని చూస్తున్నాడు. ఇప్పుడు లాగినా లాభం లేదని చెప్పాను. అడ్డం ఇంకా అట్టాగే ఉంది గదండీ అన్నాడు. ఉంది, కానీ తడి అందక దాని కింద పైరంతా ఎండిపోయింది, ఇప్పుడు నీళ్లు వదిలినా లేవదని ఆయనకి తెలిసిన మాటల్లోనే చెప్పాను.

"ఎంతసేపట్లో ఎండిద్దండీ?"

తొమ్మిదేళ్లు తప్పించుకు తిరిగిన ప్రశ్న. మూడు గంటలు, మహా అయితే ఆరు అన్నాను. ఆయన వేళ్లు కదిలాయి. పది, పదకొండు, పన్నెండు, ఒంటిగంట. అక్కడ ఆగాడు. బయటికి, బోర్డు వైపు చూశాడు. చదవలేకపోయినా అందులో ఏముందో అప్పుడు తెలిసిందనుకుంటాను.

"మా ఇంటావిడకీ అంతేనా అండీ?"

తలూపాను.

"మరి ఆనాడు మంచి పని చేశానన్నారు గదండీ."

కోపంగా అనలేదు. తాడు ఎన్ని అడుగులు దిగిందని అడిగినట్టు అడిగాడు. నేను ఫిల్ము తీసి కవర్లో పెట్టాను.

నాలుగోరోజు తమ్ముడు పోయాడు. ఆఖరిదాకా ఒక్క మాట లేదు, అంత వాగుడుకాయకి. మేస్త్రి శవాన్ని తీసుకుపోయాడు. రేకుడబ్బా నా బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత రెండు నెలలు మాత్రలకి రాలేదు. ఆవిడ మాత్రలు అయిపోయి ఉంటాయన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, నాకు నిద్రపట్టడం లేదు. క్షమించమని అడిగితే తేలికపడతాననుకున్నాను. చూడండి, అక్కడ కూడా నా తేలికే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రి లేచి కుర్చీ వేశాడు. పనికి పోవడం మానేశాడట, గొలుసు పట్టేవాడు లేడని. స్టాండు గోడకి చేరవేసి ఉంది. వసారాలో మంచం మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒడిలో తాడు. ఎడమచేత్తో, పళ్లతో, పదేసి అడుగులకి ఎర్రగుడ్డ పీలికలు ముడివేస్తోంది. నన్ను చూసి "అదే... అదే" అని నవ్వింది. టీ తెప్పిస్తానన్నాడాయన. వద్దని, దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కసారిగా కక్కేశాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పానన్నాను. ఆమె మెదడులో ఆ భాగం తొలిరోజే చచ్చిపోయిందని, గాలాలతో తీయడానికి అక్కడ ఏమీ లేదని, ఇక ఎప్పటికీ మాట రాదని నాకు మొదటినుంచీ తెలుసునన్నాను. మీకు తెలియక జరిగింది, తెలిసి చేసినవాడిని నేనని చెప్పాను.

ఆయన మధ్యలోనే చెయ్యెత్తాడు. నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా మంచం వైపు చూస్తున్నాడు.

"ఆమె ముందు ఎందుకన్నారు సార్. ఆమెకి అన్నీ అర్థమవుతాయి."

మాట పోయినంత మాత్రాన తెలివి పోదని గుంటూరు జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ లేడు. పేషెంట్ల పక్కన నిలబడి నోరు జారిన బంధువుల్ని దాని గురించే వందసార్లు తిట్టాను. తిరిగి చూశాను. ఎర్రపీలిక పళ్ల మధ్య అట్టాగే ఉంది. కళ్లు నా మీదున్నాయి. నా దగ్గరినుంచి ఇంటికొచ్చిన ప్రతి రెండో మంగళవారం ఆయన ఆవిడ పక్కన కూర్చుని, ఇంకొన్నాళ్లు ఓపికపట్టు, నీకు మాట వచ్చిద్ది అని చెప్పేవాడట. ఆవిడ తొమ్మిదేళ్లు ఆ మాట మీదే ముడులు వేసింది.

పీలికని మెల్లగా నోట్లోంచి తీసింది. అదే అని కూడా అనలేదు. పీలికని తాడు పక్కన పెట్టి, ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

మేస్త్రి ఆవిడ ఒడిలోంచి జారిన తాడుని తీసి చుట్టడం మొదలుపెట్టాడు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.